ఎడంచేతి గచ్చు

...ఏమనుకోకు వదినా, ఇది నాలుగో వాయిస్ మెసేజు, ఇంకా అసలు సంగతికే రాలేదు నేను. మధ్యలో కోళ్ళ గొడవ ఎత్తుకున్నాను, తప్పు నాదే. ఇప్పుడు విను. మా ఇసమాల్ ఊళ్ళో మఠం వెనక సందు చివర ఆ పసుపు ఇల్లుంది చూడు, ఏడ్చే గోడ ఇల్లంటారే — అదే.

చీకటి పడితే ఆ సందులో ఎవరూ నడవరు. లోపలి గదిలో పడమటి గోడ రాత్రిపూట ఏడుస్తుందని, తెల్లారి చూస్తే నీళ్ళు కారిన చారలుంటాయని అంటారు. పైగా ఆ చప్పుడొకటి... గోడని ఎవరో నిమురుతున్నట్టు, మెత్తగా — సర్ర్... సర్ర్... కాసేపాగి, మళ్ళీ.

మా పక్కింటి కసీల్దాకి ఇవేం పట్టవు. తాపీ మేస్త్రి కదా, ముప్పై ఏడేళ్ళ మనిషి, సిమెంటు తప్ప ఇంకో దేవుణ్ణి ఎరగదు. గోడ ఎందుకేడుస్తుందో నాకు చెప్పింది ఆమే.

"అది పాతకాలం సున్నం గచ్చక్కా. చుకుమ్ చెట్టు బెరడు ఉడకబెట్టిన నీళ్ళు పోసి కలిపింది. దాని మీద ఎవడో తెలివైనవాడు ప్లాస్టిక్ పెయింటు కొట్టాడు. గోడకి ఊపిరాడక చెమట పోస్తోంది. నువ్వూ మే నెలలో రెయిన్‌కోటు వేసుకుని తిరుగు, నీకూ కారుతుంది" అని.

ఆ ఇల్లు మేరిదా పట్నం నుంచి వచ్చినావిడ కొంది. ఆ గదిని స్నానాలగది చేసి, గోడ నిండా టైల్స్ వేయమంది. పని కసీల్దాకే వచ్చింది. నున్నటి గోడకి టైల్ పట్టదు కదా, ముందు ఉలితో గోడంతా గాట్లు పెట్టాలి. మంగళవారం పొద్దున్నే మొదలు. సోమవారం సాయంత్రం తండ్రికి చెప్పింది.

తండ్రి నసారియో. ఒకప్పుడు సున్నం గచ్చులో ఆయన్ని మించినవాడు లేడు. భార్య ఎలీదియా కూడా వెంట వెళ్ళేది. ఆయన నిచ్చెనెక్కి పైసగం, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని కింది సగం, ఏటిరాయితో గోడని రుద్దీ రుద్దీ అద్దంలా చేసేవాళ్ళు. పగటి ఎండకి సున్నం తొందరపడి ఆరిపోతుందని రాత్రిళ్ళే రుద్దేవాళ్ళు. కసీల్దాకి రెండేళ్ళప్పుడు ఆవిడ జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఆ తర్వాత ఆయన సున్నం ముట్టలేదు. కూతురు పని నేర్పమంటే తీసుకెళ్ళి సిమెంటు మేస్త్రి దగ్గర పెట్టాడు.

ఇంకోటుంది వదినా. కసీల్దాది ఎడమచెయ్యి వాటం. చిన్నప్పుడు ఆ చేత్తో చెంచా పట్టుకుంటే చాలు, తండ్రి తింటున్న కంచం వదిలేసి పెరట్లోకి పోయేవాడట. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. లేచి పోయేవాడంతే. నేనంటే నాన్నకి అసహ్యం అనుకుంటూనే పెరిగింది ఆ పిల్ల.

సోమవారం గోడ మాట విని ఆయన జావగ్లాసు కింద పెట్టాడు. "రేపేనా?" అన్నాడు.

ఆ రాత్రి మబ్బు పట్టింది. సిమెంటు బస్తాలేమో ఆ ఇంటి వాకిట్లో కప్పకుండా వదిలేశారు. తడిస్తే రాళ్ళే. పనిలో తోడుండే ఫుల్హెన్సియోని లేపడానికి వెళితే వాడు పడుకున్న వల ఊయల్లోంచి తల కూడా ఎత్తలేదు. "నీకు భయం లేదుగా, వెళ్ళు. దెయ్యం కనబడితే రెండు బస్తాలు దానిచేత మోయించు" అన్నాడు.

ఒక్కతే వెళ్ళింది. బస్తాల మీద పట్టా కప్పింది. అంచున రాయి పెట్టబోతుంటే —

సర్ర్... సర్ర్...

లోపలి గది తలుపు సందులో వెలుగు. ఆ వెలుగు కదులుతోంది. గోడవారనే, నేలకి దగ్గరగా, మెల్లగా... కసీల్దా చేతిలో రాయి అలాగే పట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. సిమెంటు దేవుడు గుర్తుకు రాలేదు. అయినా తలుపు తోసింది.

నసారియో. మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక చేతిలో కొవ్వొత్తి, ఇంకో చేతిలో ఏటిరాయి. గోడ అడుగున రెండు జానల మేర పెయింటు గీకేసి ఉంది.

ఇల్లు ఖాళీ అయినప్పట్నుంచీ వస్తున్నాడట, పెరటి తలుపులోంచి. కూతుర్ని చూసి కంగారుపడలేదు. పక్కన కూర్చోమన్నాడు. కొవ్వొత్తిని గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి, పక్కనుంచి చూడమన్నాడు.

అప్పుడు కనిపించాయి... నున్నటి గచ్చులో సన్నసన్నటి చారలు. రాయి తిరిగిన చారలు. పైనవన్నీ ఒక పక్కకి వంగాయి. కిందవి రెండో పక్కకి.

"పైన నావి," అన్నాడు గొంతు తగ్గించి. "కిందవి మీ అమ్మవి. ఆవిడది ఎడమచెయ్యి."

కసీల్దా ఎడంచెయ్యి చాచి ఆ కింది చారల మీద వేళ్ళు ఆనించింది.

"ఆవిడ చేసిన ఆఖరి గోడ ఇది. ఆవిడది నాకు మిగిలింది ఇదీ, నీ చెయ్యీ. ఆ చెయ్యి చూసి తట్టుకోలేకపోయేవాణ్ణి తల్లీ. ఎన్నిసార్లు నీ ముందు నుంచి లేచిపోయానో..."

తెల్లారి కసీల్దా ఉలి తీసుకెళ్ళి మేరిదా ఆవిడ చేతికిచ్చేసింది. ఈ చేత్తో ఆ గోడకి గాటు పెట్టలేనంది, బతిమాలింది కూడా. ఆవిడ వినలేదు. ఫుల్హెన్సియో పెట్టాడు గాట్లు. మధ్యాహ్నానికి టైల్స్ వచ్చేశాయి.

రాలిన పెళ్ళలన్నీ తండ్రీకూతుళ్ళు బకెట్లకి ఎత్తి ఇంటికి తెచ్చుకున్నారు. పాత గచ్చు దంచి కొత్త సున్నంలో కలపడం సున్నం మేస్త్రులకి అలవాటే కదా. నసారియో ముప్పై అయిదేళ్ళకి మళ్ళీ బెరడు ఉడకబెట్టాడు. వాళ్ళింట్లో ముందుగది గోడకే వేశారు. ఆయన నిచ్చెన మీద, కసీల్దా మోకాళ్ళ మీద, ఎడంచేత్తో.

నిన్న రాత్రి రుద్దుతూ రుద్దుతూ అలసిపోయి, రాళ్ళు రెండూ కిటికీలో పెట్టి చెరో కప్పు కాఫీ పోసుకుని కూర్చున్నారట. వానలేదు, గాలిలేదు. ఆయన కూతురి ఎడమచెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడట, చిన్నపిల్ల చెయ్యిలాగా.

చప్పుడు మాత్రం ఆగలేదట వదినా. గోడ కింది సగంలో... సర్ర్... సర్ర్... కసీల్దా కొవ్వొత్తి తీసుకుని దగ్గరికెళ్ళి గోడకి ఆనించి చూస్తే, తనింకా రాయి పెట్టని చోట —

ఆఁ, వస్తున్నా అత్తయ్యా! ఆ పొయ్యి మీద