సగం మార్చిన కుర్చీ

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

ఆమె గొంతు పెంచలేదు. అయినా డిజైన్ సెక్షన్‌లో నలుగురూ తలలు వంచుకుని కీబోర్డుల్లో దూరిపోయారు. కిటికీ పక్కన కూర్చునే కొత్త ఇంజనీరు మాత్రం లేచి నిలబడ్డాడు.

"నేనేనండీ. అప్‌డేట్ చేయమని పసుపు గుర్తు కనబడింది. మీరు మరిచిపోయారేమో అని నొక్కాను. సేవ్ కూడా చేశాను."

"సేవ్ కూడానా? పుణ్యం కట్టుకున్నారు."

తెర మీద ఆమె గీసిన చక్రాల కుర్చీ బొమ్మ కాళ్లు మెలేసుకుని, ఒళ్లంతా తప్పులు చూపే ఎర్రగీతలతో పడి ఉంది. పిల్లల కోసం చేస్తున్న కుర్చీ అది. సీటు వెడల్పు ఒక్కటి మారిస్తే మిగతా కొలతలన్నీ వాటంతట అవే సర్దుకోవాలి. పిల్లతో పాటు కుర్చీ కూడా పెరగాలి. ఆ ఆలోచన ఆమెదే, ఆరునెలల శ్రమా ఆమెదే.

కొలతలను అలా ఒకదానికొకటి ముడివేయడానికి ఆమె పద్ధతి ఒకటుంది. ముందు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేస్తుంది. మార్చవలసిన కొలతలన్నీ మార్చేదాకా బొమ్మను కదలనివ్వదు. అన్నీ అయ్యాక ఒక్కసారే అప్‌డేట్. ఆ రోజు నలభై కొలతల్లో పదిహేడు మార్చి భోజనానికి వెళ్లింది. ఈలోగా ఈయనగారు నొక్కారు. కొత్త కొలతలూ పాత కొలతలూ కలియబడి, వాటి మధ్య ముడులన్నీ తెగిపోయాయి.

శుక్రవారం పిల్లల వైద్యకేంద్రం నుంచి పెద్దావిడ చూడటానికి వస్తోంది. ఆవిడ కాదంటే ఆ కుర్చీ ఇక బొమ్మగానే మిగిలిపోతుంది.

సాయం చేస్తానన్నాడతను. ఆమె అక్కర్లేదంది. సాయంత్రంలోగా అదే మాట మూడు రకాలుగా చెప్పింది.

మర్నాడు పొద్దున ఆమె బల్ల మీద ఒక పెద్ద కాగితం ఉంది. నలభై కొలతలూ, ఏది దేన్ని పట్టుకుని ఉండాలో, పెన్సిల్‌తో పొందిగ్గా గీసి ఉన్నాయి. ఒకదాని చుట్టూ సున్నా, పక్కన బెరుకుగా ఒక ప్రశ్నార్థకం. కుర్చీ చేతుల ఎత్తును సీటుకు కాకుండా చక్రానికి ముడిపెట్టింది ఆమె. పెద్ద చక్రం వేస్తే అవి పిల్ల భుజాల దాకా లేస్తాయి.

ఇన్నాళ్లుగా ఆమె పనిలో ఎవరూ తప్పు పట్టలేదు. పట్టేంత దగ్గరగా చూసినవాళ్లూ లేరు.

"ప్రశ్నార్థకం ఎందుకు? తప్పని రాయొచ్చుగా."

"మీ బొమ్మలో తప్పని రాయడానికి చెయ్యి రాలేదండీ."

ఆమె నవ్వు ఆపుకుని, పక్కనున్న కుర్చీని అతని వైపు తోసింది. బయట వాన పట్టుకుంది. అతను కొలతలు చదువుతుంటే ఆమె టైపు చేసింది. జల్లు కొడుతోందని అతను కిటికీ మూయడానికి లేవబోతే, ముందు ఆ వరస పూర్తి చేయమని కసిరింది. అన్నీ అయ్యాక మౌస్ అతని వైపు జరిపితే, మళ్లీ తనేనా అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చివరికి అతనే నొక్కాడు. బొమ్మ ఒక్కసారి కదిలి నిటారుగా నిలబడింది. ఒక్క ఎర్రగీత లేదు.

ఆ కొలతలతో కంపెనీ షెడ్డులో అసలు కుర్చీని వెల్డింగ్ చేసింది ఆమె నాన్న. ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఆయనది అదే పని.

శుక్రవారం వచ్చిన పెద్దావిడ కుర్చీని ముందుకూ వెనక్కీ తోసి చూసింది. ఇంకాస్త పెద్దపిల్లకు, పెద్ద చక్రాలతో చేయాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని రెండు అంకెలు మార్చి అప్‌డేట్ నొక్కింది. అందరి కళ్ల ముందే తెర మీద కుర్చీ ఎదిగింది. చేతులు ఉండవలసిన చోటే ఉన్నాయి. పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటి ఇరవై ఎప్పుడిస్తారంది.

కంపెనీ యజమాని ఛాతీ విరుచుకున్నాడు. "మా అమ్మాయి ఒంటిచేత్తో చేసిందండీ."

ఆ మాట కోసమే ఆమె ఆరునెలలు ఎదురుచూసింది. కొత్త ఇంజనీరు తలుపు పక్కకు తప్పుకుని, అదేదో తననే పొగిడినట్టు మురిసిపోతున్నాడు.

"ఒక్కదాన్నే కాదండీ," అంది తలెత్తి. "ఇద్దరం చేశాం."

కుర్చీ వెంట వచ్చిన నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అతుకు పరీక్షించేటప్పటిలాగే అతన్ని కింది నుంచి పైదాకా తీరిగ్గా చూశాడు. తర్వాత కూతురి దగ్గరికొచ్చాడు.

"ఆ రెండో ఆయన ఆదివారం ఖాళీయేనా తల్లీ?"

"ఎందుకు నాన్నా?"

"మీ అమ్మ కూడా చూడాలిగా."

ఆమె నోరు విప్పేలోపే తలుపు దగ్గర్నుంచి జవాబొచ్చింది.

"ఖాళీయేనండీ."