ఒరియె గారి వంతు

మధ్యాహ్నం పూట అద్దెకిచ్చే కరవోకే పాటల గదులు చవక. అందుకే మా మంచు ఊరు నగవోకాలో పెద్దావిడలంతా వారం మధ్యలో, భోజనాల వేళకే అక్కడ చేరతారు. బయట మంచు పడుతూనే ఉంది. లోపల కిటికీ లేని గది. తడిసిన కోట్ల వాసన, వేయించిన బంగాళాదుంపల వాసన, ఎప్పుడో ఎవరో కాల్చిన సిగరెట్ల వాసన. పక్క గదిలో ఒక ముసలాయన పాట గోడలోంచి ముక్కలుగా వినిపిస్తోంది.

మా అత్తగారు ఇకుయో సోఫా మధ్యలో కూర్చుంది. ఆవిడ స్నేహితురాలు ఫుసాయె గోడవార సర్దుకుంది. తలుపు పక్కనున్న కుర్చీ నాకు చూపించారు.

"అక్కడ కూర్చో చినాత్సూ. అది ఒరియెది. ఇక నీదే," అంది అత్తయ్య.

ఒరియె గారు వీళ్ళ మూడో మనిషి. అంతకు ముందు నెలే చనిపోయింది.

వీళ్ళు ఆడేది అంత్యాక్షరి లాంటిదే. కాకపోతే పాట పేరుతో ఆడాలి. ఒకరి పాట పేరు ఏ అక్షరంతో ముగిస్తే, పక్కావిడ ఆ అక్షరంతో మొదలయ్యే పాట వెతికి పాడాలి. దొరక్కపోతే ఓటమి. 'న్'తో ముగిసే పేరు ఎంచుకున్నా ఓటమే, దాంతో మొదలయ్యే మాటే మా భాషలో లేదు. 'రు'తో మొదలయ్యే పాటలూ వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. అందుకని పక్కవాళ్ళని ఏడిపించాలంటే వరసగా 'రు'తో ముగిసే పాటలే అందిస్తారు. చిన్నపిల్లలు కూడా చేసే కుళ్ళు పని. అత్తయ్యకి అదే కాలక్షేపం. ఇన్నేళ్ళూ ఆ 'రు' అందుకున్నది ఒరియె గారు.

ఓడినవాళ్ళు కారిడార్లో మెషీన్ దగ్గరికెళ్ళి అందరికీ తాగడానికి తేవాలి. ఒరియె గారు ట్రే పట్టుకుని తిరిగి తిరిగి, తనకి మాత్రం ఒక కప్పు మొక్కజొన్న సూపు తెచ్చుకునేదట. ఆఖరిసారి అత్తయ్యకి అది చాల్లేదు. మాంసం బన్నులు తెమ్మని రోడ్డవతల కొట్టుకి పంపింది. ఇళ్ళ ముందు మంచు ఎత్తిపోసే కాలవకి ఎవరో మూత తీసి వదిలేశారు. పైన మంచు పేరుకుని నేలలాగే ఉంది...

"బన్నులూ రాలేదు, ఆవిడా రాలేదు. తెర మీద తన పాట మాత్రం పెట్టి పోయింది. దండగెందుకని నేనే పాడేశాను," అంది అత్తయ్య.

ఫుసాయె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పాడేముందు గొంతు సవరించుకునేది, గుర్తుందా ఇకుయో గారూ? ఊహుఁ, ఊహుఁ అని రెండుసార్లు!"

"గుర్తులేకేం? పాడేది పిల్లి పాట, సవరింపులు మాత్రం పెద్ద కచేరీకి!"

నాకు ఒళ్ళు మండింది. అయినా దుంపల పళ్ళెం వాళ్ళ ముందుకి జరిపాను.

ఎందుకంటే ఆ రోజు నా బతుకంతా ఆ ఆట మీదే ఉంది. నాకు అయిదో నెల. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేస్తాను. అది మానేసి తన ఇంట్లో వచ్చి పడి ఉండమని అత్తయ్య ఒకటే పోరు. మా ఆయన వాళ్ళమ్మ ముందు నోరెత్తడు. చివరికి ఆవిడే పందెం కట్టింది.

"నువ్వు గెలిస్తే నీ ఉద్యోగం జోలికి రాను. ఓడిపోయావా, సామాను సర్దుకో. సరేనా తల్లీ?"

సరే అన్నాను. ఏం చెయ్యను మరి.

అత్తయ్య 'మినాతో ని నోకోరు' పెట్టింది. రేవులో ఒంటరిగా మిగిలిపోయిన మనిషి పాట. గొంతు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు 'రు' పడింది. 'రురి నో కుషి' అని నీలం దువ్వెన పాట ఒకటి తెలుసు, పాడేశాను. తర్వాత ఫుసాయె. మళ్ళీ అత్తయ్య, మళ్ళీ 'రు'. బళ్ళో నేర్పిన పాటొకటి గుర్తొచ్చి గట్టెక్కాను. ఈసారి ఆవిడ 'కవా గా కోరు' పాడింది. నది గడ్డకడుతోందట. నా బుర్ర కూడా.

"వెతుక్కో, వెతుక్కో. ఫుసాయె, పది లెక్కపెట్టు," అంది అత్తయ్య, దుంపముక్క కొరుకుతూ.

"ఒకటి... రెండు..."

పాటలు ఎంచుకునే పలక నా ఒళ్ళో ఉంది. అప్పుడొచ్చింది ఆ వాసన. బురద, కుళ్ళిన ఆకులు, కరిగిన మంచునీళ్ళు... నా కింద కుర్చీ తడిసింది. చలి తొడల్లోంచి పైకి పాకింది.

"ఆరు... ఏడు..."

ఎడమ చెవి దగ్గర ఎవరో ఊపిరి వదిలారు. ఎడమవైపు తలుపు తప్ప ఏమీ లేదు.

"ఉంది... నా దగ్గర ఉంది..."

పలక మీద నా వేలు ఆనలేదు. అయినా తెర మీద పేరు పడింది. 'రుసు నో యోరు'. ఇంట్లో ఎవరూ లేని రాత్రి. ఆ పాట నేనెప్పుడూ వినలేదు. కానీ తాళం మొదలవగానే నోట్లోంచి దానంతటదే వచ్చింది. నా గొంతు కింద ఇంకో గొంతు... సన్నగా... నీళ్ళలోంచి వస్తున్నట్టు.

పాట పేరు 'రు'తోనే ముగిసింది. ఫుసాయె కాసేపు తడుముకుని చేతులెత్తేసింది. "పందెం మీ ఇద్దరిదీ. నన్నొదిలెయ్యండి బాబూ!"

అత్తయ్య నవ్వలేదు. "ఎక్కడ నేర్చావే అది?"

"ఎక్కడో విన్నాను అత్తయ్యా."

ఆవిడ దగ్గర దాచుకున్న 'రు' పాట ఒకటుంది. పాడింది. అదీ 'రు'తోనే ముగిసింది. నేను వెతకనైనా లేదు. తెర మీద అప్పటికే పేరుంది. 'రుసు నో ఇఎ ని ఇరు'. ఖాళీ ఇంట్లో ఉన్నాను.

పాడాను. నిజం చెప్తున్నా, అత్తయ్య మొహం పాలిపోతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పాట అయిపోయింది. ఆవిడకి మళ్ళీ 'రు'. నేను మైకు ఆపేసి బల్ల మీద పెట్టాను.

స్పీకర్లోంచి వినిపించింది.

ఊహుఁ... ఊహుఁ...

ఫుసాయె చేతిలో ముక్క జారిపోయింది. అత్తయ్య నా వైపు చూస్తోంది. నన్ను కాదు... నా పక్కన.

"నువ్వు... నువ్వెందుకొచ్చావ్..."

చెవి దగ్గర చలి. "పంపించనా?"

ఎక్కడికో నేను అడగలేదు. నాకు తెలుసు. వద్దంటే సరిపోయేది. పిల్లి పాట అన్న ఆ నోటినే చూశాను.

"పంపించు."

అత్తయ్య లేచింది. బుద్ధిమంతురాలైన పిల్లలాగా ట్రే తీసుకుని, నా కుర్చీ పక్కనుంచి తలుపు తీసుకుని వెళ్ళింది. చాలాసేపటికీ రాలేదు. మేము వెళ్ళి చూసేసరికి మెషీన్ ముందు నేల మీద కూలబడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. జుట్టంతా తడి. చేతిలో కప్పు మాత్రం ఒలకలేదు. అందులో మొక్కజొన్న సూపు.

మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ప్రాణం నిలిచింది, మాట పోయింది, కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఫుసాయె ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మంచంలో ఉన్న మనిషిని ఎవరు చూస్తారు? మా ఆయన నా వైపు చూశాడు. పందెం గెలిచినదాన్ని నేనే, అయినా ఉద్యోగం మానేశాను. సామాను సర్దుకుని అత్తయ్య ఇంటికి వచ్చి పడ్డాను. పాప ఇక్కడే పుట్టింది.

మాట లేదు గానీ, మధ్యాహ్నం అయ్యేసరికి అత్తయ్య కూనిరాగం తీస్తుంది. ఎప్పుడూ 'రు'తో ముగిసే పాటే. పూర్తి చేసి నా వైపు చూస్తుంది. బతిమాలుతున్నట్టుంటాయి ఆ కళ్ళు. నేను బదులు పాడాలి. ఓడినవాళ్ళని ఎక్కడికి పంపుతారో మా ఇద్దరికీ తెలుసు. ఆ మొదటి రోజు తర్వాత చెవి దగ్గర ఎవరూ పేర్లు అందించలేదు. ఉన్న పాటలన్నీ అయిపోతూ వచ్చాయి.

ఇవాళ మళ్ళీ మొదటి మంచు పడింది. బయట కాలవలో నీళ్ళ చప్పుడు మొదలైంది. అత్తయ్య 'మినాతో ని నోకోరు' తీసింది. ముగించింది. చూస్తోంది. నా దగ్గర ఒక్క పాట కూడా లేదు. గదిలో బురద వాసన... నేను తలుపు వైపు చూశాను. తలుపు దగ్గర ఎవరూ లేరు.

కిటికీ కింద ఉయ్యాల కదిలింది. పాపకి ఇంకా మాటలు రాలేదు.

పాడేముందు గొంతు సవరించుకుంది. రెండుసార్లు.