రింగుల జుట్టు, రెండు జడలు

ఉదయం ఆరున్నరకు జ్ఞానేశ్వర్ ఫ్రిజ్ తెరిచాడు. గాజు సీసాలో ఉన్నది సగ్గుబియ్యం జావ అనుకుని, మజ్జిగ కలుపుకుని రెండు గుటకలు తాగాడు. మూడో గుటక సింకులో ఊశాడు.

"ఏందిది? గొంతులో జారతాండాది!"

కూతురు సుప్రజ పరుగున వచ్చింది. "నాన్నా, అది తాగేది కాదు! నా తలకు పూసుకునేది. అవిసెగింజలు ఉడకబెట్టి వడగట్టినా."

"మన అంగట్లో గింజలేనా?"

"మనవే."

"అయితే సావను లే."

బద్వేలులో వాళ్లది ముప్పై ఏళ్ల కిరాణా అంగడి. తండ్రీకూతుళ్లు నవ్వారు. తల్లి పద్మప్రియ నవ్వలేదు. మిగిలిన జిగురు పారబోసి, సీసా కడిగి బోర్లించింది.

సుప్రజకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. బడికి నూనె రాసి రెండు జడలు వేసుకుని రావాలి. ఎనిమిదేళ్ల పాటు పద్మప్రియే రోజూ కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, పొడి జుట్టులో దువ్వెన దించి, బిగించి జడలు వేసింది. రోజూ నలభై నిమిషాలు. రెండేళ్ల కిందట పిల్ల చెవుల పైన జుట్టు పలచబడి చర్మం కనపడింది. బోరు నీళ్ల ఉప్పు వల్లేనని పద్మప్రియ తేల్చింది. తలస్నానం వారానికి ఒకసారికి తగ్గించింది, నూనె పెంచింది, జడ ఇంకా బిగించింది.

రెండు నెలలుగా సుప్రజ దువ్వెన ముట్టనివ్వడం లేదు. రోజూ జుట్టు తడిపి, తడి మీదే వేళ్లతో చిక్కు తీసి, జిగురు పూసి, వదులుగా తానే జడలు వేసుకుంటోంది.

ఆదివారం సుప్రజ ఓణీల ఫంక్షన్. పూలజడ వేసే ఆమె పిల్ల ఫోటో చూసి, ఈ రింగుల జుట్టుకు జడ నిలవదంది. పద్మప్రియ కడపలో పార్లర్ మాట్లాడింది. మందు పూసి, వేడి పెట్టి జుట్టు తిన్నగా చేస్తారు. ఇవాళ పదిన్నరకు రమ్మన్నారు.

"నేను రాను" అంది సుప్రజ.

"నిన్ను అడగలేదు. బడికి లీవు చెప్పినా. ఎనిమిది గంటల బస్సుకు పోతాండాము."

"నా జుట్టు కదా మా."

"నీ జుట్టే. మాటలు పడేది నేను. పోయిన పెళ్లిలో మీ పెద్దమ్మ ఏమనె? పిల్లకు తల దువ్వేవాళ్లు లేరా అనె. అందరి ముందరా."

"ఆ మాట అన్నామెను ఏమీ అనవు. నా తల కాల్పిస్తావు."

వసారాలో వక్కలు కత్తిరిస్తున్న పద్మప్రియ అత్త రాజ్యలక్ష్మమ్మ అందుకుంది. "మా పక్క ఎవరికీ లేవమ్మా ఈ తిక్క వెంట్రుకలు. మీ అమ్మ పక్కవే."

పెళ్లయిన పదహారేళ్లుగా పద్మప్రియ రింగుల జుట్టు ముడిలోనే ఉంది. కూతురి భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కదలొద్దు. జడేస్తా. బస్సుకు టైమయితాంది."

దువ్వెన సగంలో ఆగింది. లాగింది. మళ్లీ లాగింది. దువ్వెన పన్ను విరిగింది. సుప్రజ లేచి, చెంబు నీళ్లు తల మీద గుమ్మరించుకుంది.

"ఆ ఉప్పునీళ్లే వద్దంటాండేది! ఉన్నవి కూడా ఊడతాయి!"

"చూడు మా." తడి జుట్టును చెవి పైన వేలితో పక్కకు తీసింది. "చూసి మాట్లాడు."

పలచబడిన చోట చిన్న వెంట్రుకలు మొలిచాయి. గోరంత పొడవు. అప్పుడే రింగు తిరుగుతున్నాయి.

"రెండు నెలల నుంచి రోజూ అదే నీళ్లు పోసుకుంటాండా. మారింది నీళ్లు కాదు. నువ్వు బిగిస్తాంటివే, అది నిలిచిపోయింది."

"మరి ఇన్నేళ్లు చెప్పొద్దా?"

"ఏడిస్తే మొట్టికాయ వేస్తాంటివి. ఇంకెట్ల చెప్పేది?"

పద్మప్రియ చేయి తన చెవి పైకి పోయింది. అక్కడ పలచన కనపడకుండా ఆమె రోజూ కాటుక అద్దుకుంటుంది. ఈ ఊరి నీళ్లు పడలేదని అందరికీ చెప్పింది. కానీ పుట్టిల్లు మైదుకూరులో, పెళ్లికి ముందే, పెళ్లిచూపుల ఉదయం కూడా అమ్మ జడ బిగించి, అక్కడ కాటుక అద్దింది. బద్వేలు నీళ్లు అప్పటికి ఆమె తలకు తగలనే లేదు.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుప్రజ ఏం చేయాలో తెలియక నిలబడింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమే, బస్సు పోతాది" అంది రాజ్యలక్ష్మమ్మ.

"పోనీ అత్తా. మేం పోవడం లేదు."

"పూలజడో?"

"పూలు రింగుల్లోనే పెడతాం. నిలిచినన్ని నిలుస్తాయి."

"మీ తోడికోడలు మళ్లీ ఏమన్నా అంటే..."

"ఆమెకు నేను చెప్తాలే."

పద్మప్రియ లేచి కూతురి వెనక నిలబడింది. "ఎట్ల తీయాల్నో చెప్పు."

"కొనల కాడ నుంచి మా. పై నుంచి కాదు."

ఎనిమిదేళ్లూ ఆమె పై నుంచే దువ్వింది. మొదటి చిక్కుకే విసుగొచ్చింది. లాగబోయి ఆగింది.

"నొప్పి అయితాందా?"

తల్లి ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

"కొంచెం" అంది సుప్రజ. "నిదానంగా తియ్."

పద్మప్రియ ముక్కు ఎగబీల్చి, ఆ చిక్కు వదిలి, దాని కింది చిక్కు పట్టుకుంది.