ప్రశ్నకూ జవాబుకూ మధ్య

“పదకొండు. పని ద్వారం ఎడమవైపు,” అంది బడి గేటు.

దీవెనమ్మ కదల్లేదు. ఒక చేత్తో ఆరేళ్ళ మేనకోడలు హెప్సిబాను పట్టుకుని, రెండో చేత్తో కాగితాన్ని గేటు కంటి ముందు ఆడించింది.

“తూకానికి వచ్చాం. పిల్లకి మొదటి తూకం, నాకు మలితూకం. సరిగా చూసుకో.”

వెనక వరుసలో పట్నం తల్లి ఒకామె కిసుక్కున నవ్వింది. “ఈ వయసులో నీకు బడేందమ్మా?”

“నీ కొడుకు పక్కనే కూర్చుంటాలే. కాపీ కొట్టకుండా చూసుకుంటా.”

గేటు కాగితం చదువుకుని పక్కకు జరిగింది.

మేధాతుల అనే ఈ తూకం యంత్రం వచ్చి నలభై ఏళ్ళయింది. ఆరేళ్ళు నిండిన ప్రతి బిడ్డ తలకూ తెల్లని పట్టీ కట్టి యంత్రం అరవై ప్రశ్నలు అడుగుతుంది. జవాబు ఒప్పయితే చాలదు. ప్రశ్న ముగియడానికీ జవాబు మొదలవడానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తుంది. ఆ ఖాళీలోంచి పుట్టేదే వేగాంకం. దాన్ని గింజంత బిళ్ళ చేసి మణికట్టు చర్మం కింద పెడతారు. నలభై దాటితే బడి ద్వారం, దాటకపోతే పని ద్వారం. బస్సులో సీటైనా, ఆసుపత్రిలో వంతైనా ఆ బిళ్ళ చెప్పినట్టే.

బేతనియపేటలో పుట్టిన బిడ్డ ఎవరూ పదమూడు దాటలేదు. ఆ పేట పిల్లలు పుట్టుకతోనే మందం అని తూకం దస్త్రాల్లో రాసుకున్నారు. ఎవరూ వచ్చి చూడలేదు. యంత్రం చెప్పాక చూడాల్సిన పనేముంది?

దీవెనమ్మకు ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. ఎనిమిదో ఏట నుంచి రొయ్యల తలలు తీస్తూనే ఉంది. చెరువు నీళ్ళ రంగు చూసి రొయ్య ఏ రోజు చచ్చి తేలిపోతుందో ముందే చెప్పగలదు. ఎందుకు తేలిపోతుందో తెలుసుకోవాలంటే మాత్రం చదువు కావాలి. అందుకని ముప్పయ్యో ఏట మొదలుపెట్టింది. చర్చి బీరువాలో చెదలు తినగా మిగిలిన కాగితం పుస్తకాలుండేవి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు అక్షరాలు దిద్దించారు. లెక్కలు ఆమే నేర్చుకుంది, అన్నం గంటలో రొయ్య నీచు వాసన వదలని వేళ్ళతో. “ఆ తలలు చాలక ఈ తలనొప్పి కూడానా?” అని తోటి ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. దేవుడు తనకు బుద్ధి తక్కువ ఇచ్చాడంటే ఆమె ఒక్క రోజు కూడా నమ్మలేదు. ముప్పై అయిదు దాటినవాళ్ళకు ఏడాదికోసారి మలితూకం ఉంది. మూడేళ్ళు వచ్చింది. మూడేళ్ళూ పదకొండే.

తూకం గదికి ఈ ఏడు అద్దం గోడ పెట్టారు. ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చోవడమే గాని, బయటి నుంచి చూడటం దీవెనమ్మకు ఇదే మొదలు. లోపల అధికారి సువర్చల హెప్సిబా తలకు పట్టీ కట్టింది.

“ఏడు గాజుల్లో మూడు పగిలితే ఎన్ని మిగులుతాయి?” అని యంత్రం అడిగింది.

హెప్సిబా కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్ళు తెరిచింది.

“నాలుగు.”

“పొద్దున నీడ ఎటు పడుతుంది?”

కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి.

“పడమటికి.”

మూడో ప్రశ్నకు దీవెనమ్మ తన పెదవులు కూడా కదులుతున్నాయని గమనించింది. ‘ప్రభువా, ముందు నువ్వు, తర్వాత నా మాట.’ అలా అనుకోవాలని ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. పేటలో బిడ్డకు మాటలతో పాటే అదీ వస్తుంది. ముత్తవ్వ రాహేలమ్మ కాలంలో, ఉప్పెన వచ్చిపోయాక ఒక దొర గుర్రం మీద వచ్చి ‘ఈ మెరక ఎవరిది?’ అని అడిగాడట. భయంలో ఎవరో ‘తమదేనయ్యా’ అనేశారు. ఆ ఒక్క మాటతో మెరక పోయింది. అప్పటి నుంచి అధికారం ఉన్నవాళ్ళు ఏది అడిగినా, ముందు లోపల ఆ వాక్యం అనుకునే నోరు తెరవాలని రాహేలమ్మ కట్టడి చేసింది.

దీవెనమ్మ వేళ్ళు లెక్కపెట్టాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి ప్రశ్నకూ నాలుగు సెకన్లు.

ఆమె ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. తను. తన అన్న. పన్నెండని రాయించుకుని, పదేళ్ళకే చెరువు గట్టున పడి ఉన్న పేట పిల్లలంతా. నాలుగు సెకన్లు!

గది మీద ఎర్ర దీపం వెలిగింది. “పన్నెండు,” అంది యంత్రం.

దీవెనమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. “ఒక్క జవాబన్నా తప్పు చెప్పిందా మా పిల్ల?”

సువర్చల తెర వైపు చూసింది. “లేదు. అన్నీ ఒప్పే. కానీ ఆలస్యం. నువ్వు బయట ఉండాలమ్మా.”

“అది ఆలస్యం కాదు. ప్రార్థన. దేవుణ్ణి తలుచుకుని చెబుతోంది. కళ్ళు మూయడం నీ కళ్ళకి కనపడలేదా?”

“యంత్రం ఖాళీనే చూస్తుంది. ఆ ఖాళీలో ఏముందో దానికి అక్కర్లేదు.”

“దానికి అక్కర్లేదు సరే. నీకు?”

సువర్చల అద్దం అవతలి వరుస వైపు చూసింది. గొంతు తగ్గించింది. “పిల్లలకు ఒక్కసారే తూకం. నేనేం చేయలేను. నీకు మాత్రం మాట చెబుతాను విను. ఈసారి ఆ ప్రార్థన మానేసి చెప్పు. జవాబులు నీకు వచ్చని నాకు తెలుసు. మూడేళ్ళుగా చూస్తున్నాను.”

“మూడేళ్ళుగా తెలిసే ఊరుకున్నావా?” అంటూ దీవెనమ్మ కుర్చీలో కూర్చుంది. “కట్టు.”

ప్రశ్నలు మొదలయ్యాయి. దీవెనమ్మ కళ్ళు మూయలేదు. యంత్రం నోరు మూసేలోపే జవాబు విసిరింది, రొయ్య తల తుంచి బుట్టలో పడేసినట్టు. ఒక్కో జవాబుకూ నాలుక మీద ఏదో చేదు తగిలింది. దేవుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి తలుపు వేసినట్టు అనిపించింది. అయినా ఆగలేదు. అరవై అయ్యాయి.

పచ్చ దీపం. “డెబ్బై నాలుగు.”

చీటీ బయటికొచ్చింది. అద్దం అవతల పట్నం తల్లుల నోళ్ళు తెరుచుకున్నాయి. సువర్చల లేచి నిలబడింది.

“మీరు తొమ్మిదో తరగతికి వెళ్ళొచ్చండీ. ద్వారం ఇప్పుడే తెరిపిస్తాను.”

“డెబ్బై నాలుగుకి ‘మీరు’ అన్నమాట. ఇందాక నేను ‘నువ్వు’నే,” అంది దీవెనమ్మ. “మలితూకంలో అనుమానం ఉంటే అదే రోజు ఇంకోసారి కూర్చోవచ్చుగా? కట్టు.”

“ఎందుకండీ? చివరి అంకమే నిలుస్తుంది. ఇది పోతుంది!”

“తెలుసు.”

“మీకు పిచ్చా? తొమ్మిదేళ్ళు కష్టపడ్డారు!”

“తొమ్మిది కాదు, ముప్పై మూడు. కట్టు మేడం.”

హెప్సిబా వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. “అత్తా, బళ్ళోకి పోవా?”

“నువ్వు పోకుండా నేనేడికే పోయేది?”

ఈసారి ప్రతి ప్రశ్నకూ దీవెనమ్మ కళ్ళు మూసుకుంది. పైకి వినపడేలా అంది. ‘ప్రభువా, ముందు నువ్వు, తర్వాత నా మాట.’ అరవై సార్లు. గొంతులో భక్తి లేదు, మంట ఉంది. అది కూడా ప్రార్థనే అయ్యుంటుందని ఆమె అనుకుంది. అరవై జవాబులూ ఒప్పే.

ఎర్ర దీపం. “పదకొండు.”

రెండు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పరిచింది దీవెనమ్మ. “ఒకటే మనిషి. ఒకటే తల. గంట కూడా కాలేదు. నీ యంత్రమే రాసిచ్చింది. ఇప్పుడు చెప్పు మేడం, మందం ఎవరికి?”

సువర్చల ఆ చీటీలనే చూస్తోంది. యంత్రం ఆమె వైపు తిరిగింది.

“చివరి అంకం పదకొండు. నమోదు చేయనా?”

ఆమె ‘ఊఁ’ అంటే అయిపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా రోజుకు వందసార్లు అంటున్న మాటే. నమోదు కాకుండా సాయంత్రమైతే మాత్రం, పై కార్యాలయం నుంచి ఒక మనిషి స్వయంగా వచ్చి చూడాలని నిబంధన. దీవెనమ్మ చదివిన మలితూకం కాగితం వెనకే అది అచ్చయి ఉంది. దాన్ని ఎవరూ ఎన్నడూ వాడలేదు. వాడే అవసరం ఉంటుందని దాన్ని రాసినవాళ్ళు కూడా అనుకోలేదు.

“నమోదు చేయనా?”

సువర్చల నోరు తెరిచింది. మూసింది. ఆమె బల్ల మూల ఆమె సొంత అంకం వెలుగుతూ ఉంటుంది. ఎనభై ఒకటి. జవాబు ఆలస్యమయ్యే కొద్దీ అది ఎనభై అయింది. డెబ్బై ఎనిమిదయింది.

“అధికారి స్పందనలో మందం,” అంది యంత్రం. “నమోదు చేయనా?”

అద్దం అవతల వరుస ఆగిపోయింది. ఎవరో తలుపు మీద కొడుతున్నారు. “ఏందండీ ఆలస్యం? మా పిల్లాడికి టైమవుతోంది!”

డెబ్బై. అరవై ఆరు. సువర్చల బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ‘ఊఁ’ మాత్రం అనలేదు. హెప్సిబా ఆమె దగ్గరికి వెళ్ళి చీర కొంగు లాగింది.

“కళ్ళు మూసుకోండి మేడం. భయం పోయిద్ది.”

సువర్చల కళ్ళు మూసుకుంది.

దీవెనమ్మ కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం దాకా లేవదు. వచ్చే మనిషి ఎవరైనా సరే, ముందు హెప్సిబా తలకు మళ్ళీ పట్టీ కట్టాలి. ఆ తర్వాతే ఆమె లేస్తుంది. కళ్ళు మూసుకుని కూర్చున్న అధికారిని చూసింది. యాభై రెండు. నలభై ఏడు. ఆమె మీద జాలి పడాలేమో అని వెతుక్కుంది. దొరకలేదు.

“ఆగండి మేడం,” అంది. “మా పేట నలభై ఏళ్ళుగా ఆగింది.”