మిగిలిన సమయం నాలుగు రోజుల పదిహేను గంటలు

తలుపు తీసిన అమ్మాయి నా ముఖం చూడలేదు. నా చేతిలోని టూల్ బ్యాగ్ చూసింది.

"ఇంటర్నెట్టేనా? రండి. మీకోసమే కాచుక్కూర్చున్నాను."

ఆ గొంతు వినగానే, ఈ ఇంటికి రావలసిన మా సీనియర్‌కి పొద్దున్నే ఉన్నట్టుండి కడుపునొప్పి ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది.

కంప్యూటర్ ముందు కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. తెరమీద ఒక గేమ్ డౌన్‌లోడ్ అవుతోంది. అవుతోంది అనడం కూడా దాన్ని పొగడటమే. కింద చిన్న అక్షరాల్లో ఉంది: మిగిలిన సమయం నాలుగు రోజుల పదిహేను గంటలు.

"కనెక్షన్ ఐదువందల ఎంబీపీఎస్ అన్నారు. ఇదేనా ఐదువందలు?"

నా ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టాను. ముల్లు సర్రున ఐదువందలు దాటింది. గర్వంగా చూపించాను.

"లైన్ బాగుంది మేడమ్."

"నేను కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్షిస్తానండీ. ఎదురుగా ఉన్నది కూడా కనపడనివాళ్లని రోజుకి ముప్పైమందిని చూస్తాను. మీరు ముప్పై ఒకటోవారు."

కోపం రావాలి నాకు. రాలేదు. అంత ముచ్చటగా తిట్టించుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు మళ్లీ వెళ్లాను. వైఫై మీద అనుమానంతో రౌటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా కొత్త కేబుల్ వేశాను. యాంటీవైరస్ కాసేపు ఆపాను. గేమ్ దగ్గరలో ఉన్న సర్వర్ నుంచి దిగేలా మార్చాను. అంకె సెకనుకి అర ఎంబీ దగ్గరే మొండికేసింది.

"ఇప్పుడు కూడా లైన్ బాగుందంటే..." అంటూ ఆమె వేలు చూపించింది.

"లైన్ బాగుంది మేడమ్," అన్నాను, కాస్త వెనక్కి జరిగి.

ఆమె పకపకా నవ్వేసింది. అంతలోనే ఆ నవ్వు చప్పబడింది.

"మా అన్నయ్య ఓడలో పనిచేస్తాడు. నాలుగు నెలలకోసారి రేవులో దిగుతాడు. ఈ ఆదివారం మధ్యాహ్నం దిగి, నెట్ దొరికేచోట నాలుగు గంటలు ఉంటాడు. చిన్నప్పటినుంచీ వాడూ నేనూ ఆడుకుంటూనే కబుర్లు చెప్పుకుంటాం. ఉత్తినే ఫోన్ చేస్తే 'బాగున్నావా, బాగున్నాను' తప్ప వాడి నోటినుంచి మాట ఊడిపడదు. నాకు ఆ గేమ్ కావాలండీ."

ఆ సాయంత్రం ఆఫీసులో అందరూ వెళ్లిపోయినా నేను గేమ్ డౌన్‌లోడ్‌ల గురించి చదువుతూ కూర్చున్నాను. నా మీద నాకే జాలేసింది. కస్టమర్ మీద ఇంత శ్రద్ధ మా కంపెనీ ఎప్పుడూ నేర్పలేదు.

శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి ఆమె షాపులో ఉంది. వాళ్ల నాన్నగారు తలుపు తీశారు. ప్రభుత్వాఫీసులో దరఖాస్తులు సరిచూసి, సరిచూసి రిటైరైన మనిషి. నేను గేమ్ దింపే ప్రోగ్రాం సెట్టింగులు ఒక్కొక్కటే తెరుస్తుంటే ఆయన నా వెనకే నిలబడి దగ్గారు.

కనపడింది. 'డౌన్‌లోడ్ వేగం ఇంతకు మించకూడదు' అని ఒక గడి. అందులో ఐదువందలు.

"ఇదెవరు నింపారండీ?"

"నేనే బాబూ. అమ్మాయి కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు సరదాగా అన్నీ తెరిచి చూశాను. ఆ గడి ఖాళీగా ఉంది. ముప్పై ఏళ్లు 'గడులన్నీ నింపి తీసుకురండి' అని జనాన్ని తిప్పి పంపినవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? మనది ఐదువందల కనెక్షనే కదా అని ఐదువందలు వేశాను."

"కనెక్షన్ లెక్క మెగాబిట్లలో సార్. ఈ గడి కిలోబైట్లలో. మీరు వేగాన్ని నూట పాతికో వంతుకి తగ్గించేశారు."

ఆయన ముఖం మాడిపోయింది. "అమ్మాయికి చెప్పకు బాబూ. రెండు రోజులుగా మీ కంపెనీని తనకన్నా నేనే ఎక్కువ తిట్టాను."

గడి ఖాళీ చేశాను. డౌన్‌లోడ్ పరుగందుకుంది. మిగిలిన సమయం అరగంట అయింది. సరిగ్గా అప్పుడే ఆమె లోపలికొచ్చి తెర చూసి కెవ్వుమంది.

"ఏం చేశారండీ? తప్పెక్కడుంది?"

నాన్నగారు నేల చూపులు చూస్తున్నారు. నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"తప్పు నాదే మేడమ్. మొదటిరోజే మా వైపు ఒక సెట్టింగ్ చూసుకోలేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మరి రెండుసార్లు లైన్ బాగుంది, బాగుంది అని నా ముఖం మీదే చెప్పారే! నేను మా అన్నయ్య సంగతి చెప్పుకున్నాక కూడా!"

బ్యాగ్ సర్దుకుని వచ్చేశాను. సాయంత్రానికి కంప్లైంట్ ఆఫీసుకి చేరింది. సోమవారం నుంచి నన్ను ఊరికి ఆ చివరకి వేస్తున్నామని మేనేజర్ చెప్పాడు. కొత్త ఏరియా నాకొక లెక్క కాదు. ఆమె దృష్టిలో అబద్ధాలకోరుగా మిగిలిపోవడమే ముల్లులా గుచ్చుకుంది.

ఆదివారం నాలుగున్నరకి ఫోన్.

"వెంటనే రండి," అంది. పెట్టేసింది.

వాన దంచి కొడుతోంది. రెయిన్‌కోటు వెతుక్కునే ఓపిక ఎవరికుంది? నిలువునా తడిసి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. నాన్నగారు తువ్వాలు చేతికిచ్చి, కళ్లు కలపకుండా వంటింట్లోకి తప్పుకున్నారు. గదిలో గేమ్ నడుస్తోంది. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది.

"మీ కస్టమర్ కేర్‌వాళ్లు మిమ్మల్ని ఏరియా మార్చామని చెప్పారు. అదే నాన్నకి చెప్తే ఆయనకి అన్నం సహించలేదు. అంతా చెప్పేశారు. కంప్లైంట్ వెనక్కి తీసుకున్నాను. మీరు ఇక్కడే ఉంటారట." "నిన్న నిజం చెప్తే మీకేం పోయేది?"

"మీ నాన్నగారు మీ ముందు చిన్నబోతారనిపించింది."

"మా నాన్న చిన్నబోతే మీకెందుకండీ?"

తువ్వాల్లో ముఖం దాచుకుందామా అనుకున్నాను. ఇంకా ఎన్నిసార్లు అబద్ధం చెప్పను?

"మీరంటే ఇష్టం కాబట్టి. మీరు తిట్టిన మొదటిరోజు నుంచీ."

ఆమె మెడలోని హెడ్‌ఫోన్స్‌లోంచి ఒక మగగొంతు సన్నగా, స్పష్టంగా వినపడింది.

"ఏమే, మైక్ ఆపలేదు. నేనూ, నా పక్కన మా ఓడవాళ్లు నలుగురూ అంతా విన్నాం. బావగారికి గేమ్ ఆడటం వచ్చా?"

వంటింట్లో నాన్నగారు పొలమారినట్టు దగ్గారు. ఆమె బుగ్గలు కందిపోయాయి. మైక్ నోటి దగ్గరకి లాక్కుంది.

"అన్నయ్యా, కాస్త ఆగు. నేనింకా జవాబు చెప్పలేదు."

"చెప్పు మరి. నాకు గంటన్నరే టైముంది."

ఆమె నావైపు తిరిగింది. మొదటిసారిగా నా చేతిలో బ్యాగ్ లేదు. ఆమె చూడటానికి నా ముఖం తప్ప ఇంకేమీ లేదు.

"నాకూ ఇష్టమే," అంది, మైక్ ఆపకుండానే.