ట్యాంకు కింద రబ్బరు ముక్క

ఇంకాసేపట్లో బొమ్మ విమానాల పోటీలో మా మనవరాలు హేమశ్రీ వంతు. కూర్మన్నపాలెం గ్రౌండులో విమానాన్ని గడ్డి మీద పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని చూసుకుంటోంది.

అది తేలిక చెక్కతో చేసిన బుల్లి విమానం. ముందు చిన్న ఇంజన్, పక్కన రబ్బరు బ్యాండ్లతో కట్టిన అగ్గిపెట్టెంత రేకు ఆయిలు ట్యాంకు. రెక్కకు రెండు సన్నటి తీగలు. ఒకరు మధ్యలో నిలబడి ఆ తీగల పిడి పట్టుకుంటే, విమానం ఆ మనిషి చుట్టూ గాల్లో తిరుగుతుంది. పిడి పట్టేది హేమ. విమానాన్ని పట్టుకుని వదిలేది సన్నీ. ఇద్దరూ ఏడో తరగతే.

ట్యాంకు కింద నల్లగా ఏదో కనిపించింది. హేమ వేలితో లాగింది. సైకిల్ ట్యూబు ముక్క.

అది తను పెట్టింది కాదు.

పొద్దున సన్నీ గోడ పక్కన ఎల్లారావుతో గుసగుసలాడటం హేమ చూసింది. ఎల్లారావు సన్నీకి మేనత్త కొడుకు. కానీ అవతలి టీము. ఈ పిల్లను చూడగానే ఇద్దరూ మాటలు ఆపేశారు. తర్వాత సన్నీ ఒక్కడే విమానం మీదకు వంగి ఏదో చేశాడు. ఒక మాట చెప్పాలంటూ వచ్చాడు కూడా. హేమ వినిపించుకోకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ ముక్కను జేబులో వేసుకుని నా దగ్గరికొచ్చింది.

"తాతా, సన్నీ మన పక్క కాదు. ఎల్లారావు గెలవాలని ట్యాంకు కింద ఇది ఎట్టేసాడు."

"ఆడ్ని అడిగినావా?"

"అడిగితే సెప్తాడేటి?"

పేరు పిలిచారు. సన్నీ విమానాన్ని వదిలాడు. బాగానే లేచింది. కొన్ని చుట్లయ్యాక, పోటీలో చెయ్యాల్సినట్టే, హేమ దాన్ని తలకిందులు చేసింది. అంతే, ఇంజన్ గొంతు మారిపోయింది. దగ్గింది, పొగ కక్కింది, ఆగిపోయింది. విమానం గడ్డిలోకి జారి పడింది.

హేమ విమానం వైపు చూడలేదు. సన్నీ నవ్వుతాడేమోనని వాడి ముఖమే చూసింది. వాడు అప్పటికే విమానం దగ్గరికి పరిగెత్తుతున్నాడు.

వీళ్ల టీముని చూసుకునే తిరుమలరావు మాస్టారు వచ్చి, ట్యాంకు ఎవరు ముట్టుకున్నారని అడిగారు. తనేనని, కింద రబ్బరు ముక్క పెట్టానని సన్నీ చెప్పాడు. మాస్టారు ట్యాంకు ఎత్తి చూశారు. ముక్క లేదు.

"నాను సరిగ్గా కట్టనేదు సార్. గాల్లో ఊడిపోయుంటాది."

తిరిగే ఇంజన్ పక్కన వదులుగా ఏమున్నా ఎవరి కంటికైనా తగులుతుందని మాస్టారు కోప్పడ్డారు. రెండో రౌండుకి సన్నీ వద్దు, టీములో ఇంకో కుర్రాడు పోలిరాజు విమానం పట్టుకుంటాడన్నారు. సన్నీ చేతుల నూనె గడ్డికి తుడుచుకుని, వెళ్లి గోడ మీద కూర్చున్నాడు.

హేమ చెయ్యి జేబులోనే ఉంది. మోసం చేసినవాడు తనే పెట్టానని ఎందుకు చెబుతాడు? ఇది కూడా నాటకమేనా? కాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్లింది.

"ఇది ఎందుకెట్టినావు?"

సన్నీ ముక్కను చూశాడు. "నువ్వా తీసింది?"

"నానే. ఎందుకో సెప్పు."

"మన ట్యాంకు ఇంజన్ కన్నా కిందకుంది. విమానం తిరగబడితే ట్యాంకు పైకెల్లిపోతాది. ఆయిలు ఎక్కువ దిగిపోయి ఇంజన్ ఆగిపోతంది. కొంచెం ఎత్తితే సరిపోద్దని ఎల్లారావు సెప్పాడు. ఆల్ల టీములో తెలిస్తే తిడతారని సాటుగా సెప్పాడు. నీకు సెప్దామని వస్తే నువ్వెల్లిపోనావు."

హేమ తల దించుకుంది. "నువ్వు మనల్ని ఓడించేత్తన్నావనుకున్నాను."

సన్నీ ముఖం మాడిపోయింది. అటు తిరిగి కూర్చున్నాడు.

హేమ నేరుగా మాస్టారి దగ్గరికి నడిచింది. అందరి ముందూ అరచెయ్యి తెరిచి, ముక్క తీసింది తనేనని, సన్నీ బాగానే కట్టాడని చెప్పింది. మాస్టారు సన్నీని పిలుచుకు రమ్మన్నారు.

సన్నీ వెంటనే రాలేదు. వచ్చాక కూడా హేమతో మాట్లాడలేదు. ముక్కను ట్యాంకు కింద దూర్చి, రబ్బరు బ్యాండ్లు గట్టిగా బిగించాడు.

"సూసుకో," అన్నాడు ముభావంగా.

ప్రతిసారీ సన్నీ పని అయ్యాక హేమ అంతా విప్పి మళ్లీ తనే కట్టేది. ఈసారి ట్యాంకు మీద చెయ్యి వెయ్యలేదు.

"నువ్వు సూసావు కదా," అని పిడి అందుకుని గ్రౌండు మధ్యలోకి నడిచింది.