గుంత అడుగు బురద

ప్రొద్దుటూరు కాలేజీలో మేడమీద చివరి గదికి కిటికీలన్నీ నల్లగుడ్డతో మూసి ఉంటాయి. లోపల మూతలు బిగించిన గాజు జాడీలు, వాటిలో సీసం విషం పట్టిన బురద. ఆ సీసాన్ని నల్లటి మడ్డిగా మార్చి అడుక్కి దించే సూక్ష్మజీవులను అక్కడ పెంచుతున్నారు. ఆ పని మొదలుపెట్టింది లెక్చరర్ విమల. అలివేలుమంగ ఆమె కింద అదే పనిలో నిరుడే వచ్చి చేరింది.

విమల జాడీల్లో క్రిములు చచ్చిపోయేవి. అలివేలు జాడీల్లో నీళ్లు రోజురోజుకూ తేటపడేవి. తిరుపతిలో జరిగే సైన్సు సదస్సుకు ప్రిన్సిపాల్ అలివేలు పేరే పంపాడని తెలిసిన రోజు విమలకు ముద్ద దిగలేదు.

అయినా మొహాన నవ్వు పులుముకుని, నీ జాడీల్లో బురద ఎక్కడిదని అడిగింది. అలివేలు దాచలేదు. జమ్మలమడుగు దారిలో పాత బ్యాటరీలు పగలగొట్టిన గుంత. మొన్నటి ఎన్నికల్లో ఒక పార్టీ ఏజెంటు ఏలీయా కనపడకుండా పోయింది అక్కడే. ఆ తర్వాత ఏ పార్టీవాళ్లూ అటు అడుగుపెట్టలేదు.

“అడుగు బురదలోనే బతికేటివి ఉండాయక్కా. నువ్వు మాత్రం పోవద్దు. ఆడ నాకు మంచిగా అనిపించల్యా,” అంది అలివేలు.

తనకు దక్కకూడదనే ఈ మాట అంటోందనుకుంది విమల. మర్నాడు ఎండవేళ ఒక్కతే పోయింది. గుంతలోకి భుజం దాకా చెయ్యి దించింది. పైన నిప్పులు కురుస్తున్నా బురద చల్లగా జివ్వుమంది.

ఆ బురద తెచ్చి పోసిన ఆమె జాడీ తొమ్మిది రోజుల్లో అలివేలు జాడీలకన్నా తేటపడింది. ఆదివారం చర్చి కాగానే నేరుగా వచ్చి, కళ్లారా చూసుకుందామని టార్చి పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. కుళ్లిన గుడ్ల వాసన. బుడగలు పైకొచ్చి పగులుతున్న చప్పుడు... ఒకటి... మరొకటి...

టార్చి ఆరిపోయింది. బుడగలు ఆగాయి.

“ఇంకెవుర్ని దించమంటావు?”

గుసగుస జాడీలోంచే వచ్చింది. విమల మనసులో ఒక పేరు మెదిలింది. అణుచుకుంది. అణగలేదు.

బుడగలు మళ్లీ మొదలయ్యాయి... గబగబా... ఎవరో గుటకలు వేస్తున్నట్టు.

తడుముకుంటూ గొళ్లెం తీసి బయటపడింది. వరండా గడియారంలో పన్నెండున్నర.

సోమవారం అలివేలు రాలేదు. మంగళవారమూ రాలేదు. పోలీసులు ఆమె మాయమవడాన్నీ పార్టీల గొడవల్లోకి నెట్టేశారు. తిరుపతికి నువ్వే పోవాలమ్మా అన్నాడు ప్రిన్సిపాల్. విమల తలూపింది. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

బుధవారం ఉండబట్టలేక గుంత దగ్గరికి పోయింది. గట్టున దిల్షాద్‌బీ అనే ముసలామె మేకలు మేపుతోంది. ఇటు ఒకమ్మాయి వచ్చిందా అని విమల అడిగింది. ముసలామె ఆమెను ఎగాదిగా చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

“ఆదివారం పన్నెండున్నరప్పుడు. నీ చెయ్యి పట్టుకోనే కదమ్మా ఆ పిల్ల గుంతలోకి దిగింది?” గొంతు తగ్గించింది. “పొద్దుగూకేదాకా ఈడనే ఉండా. ఇద్దరిలో ఎవురూ పైకి రాల్యా... నువ్వెప్పుడు పైకొచ్చినావు?”